మచ్చల చికిత్స కోసం సముద్రం దాటిన 25 మంది

కాలిన గాయం మానడం వేరు, కాలిన మనిషి కోలుకోవడం వేరు. చాలామందికి గాయం మానిన తర్వాతే అసలు కష్టం మొదలవుతుంది. మానే చర్మం మెల్లగా ముడుచుకుపోతుంది. గడ్డం మెడకు అతుక్కుంటుంది, మోచెయ్యి చాపడానికి రాదు, వేళ్లు విచ్చుకోవు, కంటిరెప్ప మూతపడదు. కొందరిలో మచ్చ గాయం హద్దు కూడా దాటి గట్టిగా, ఎత్తుగా, దురద పెడుతూ పెరుగుతుంది. దీన్నే డాక్టర్లు కీలాయిడ్ అంటారు. ఇలాంటి మచ్చలను సరిచేయించుకోవడానికి పరాయి దేశం వెళ్లినవారి చరిత్రలో హిరోషిమా ఆడపిల్లల ఉదంతం ప్రతి కుటుంబమూ తెలుసుకోదగింది.

1945 ఆగస్టు 6 ఉదయం హిరోషిమా మీద అమెరికా అణుబాంబు పడినప్పుడు వీరిలో చాలామంది బడికి వెళ్లే వయసువారు. వైమానిక దాడుల్లో మంటలు ఒక పేట నుంచి మరో పేటకు పాకకుండా ఇళ్లు కూల్చి ఖాళీ జాగా చేసే పనికి ఆ రోజుల్లో విద్యార్థులను కూడా పంపేవారు. అందువల్ల వేలాది పిల్లలు ఆ ఉదయం ఆరుబయటే ఉన్నారు. బతికినవారికి ముఖం మీదా చేతుల మీదా మచ్చలు మిగిలాయి. జనం చూపులకు భయపడి ఏళ్ల తరబడి గడప దాటని ఆడపిల్లలున్నారు. సంబంధాలు రాలేదు, పని దొరకలేదు.

ఆ ఊరి క్రైస్తవ మతగురువు కియోషి తనిమోతో ఇలాంటి యువతులను చేరదీశారు. 1953లో హిరోషిమా వచ్చిన అమెరికా పత్రికా సంపాదకుడు నార్మన్ కజిన్స్ వారిని చూసి, న్యూయార్క్‌లో శస్త్రచికిత్స చేయించాలని పూనుకున్నారు. అమెరికా ప్రభుత్వానికి ఇది అంతగా రుచించలేదు. వైద్యం చేయిస్తే బాంబు వేయడం తప్పని ఒప్పుకున్నట్లవుతుందని అధికారుల బెంగ! అయినా పని ఆగలేదు. డాక్టర్లు హిరోషిమా వెళ్లి 40 మందికి పైగా యువతులను పరీక్షించి, ఆపరేషన్ వల్ల మేలు కలుగుతుందనుకున్న 25 మందిని ఎంపిక చేశారు. ఎంపిక కానివారు ఇంటికి ఎలా తిరిగి వెళ్లారో ఊహించుకోవచ్చు. దాతృత్వానికి కూడా ఒక తలుపు ఉంటుంది, అది కొందరికే తెరుచుకుంటుంది.

1955 మేలో ఆ 25 మంది అమెరికా సైనిక విమానంలో బయలుదేరి న్యూయార్క్ చేరారు. మౌంట్ సైనాయ్ ఆసుపత్రి పడకలు ఉచితంగా ఇచ్చింది. డాక్టర్ ఆర్థర్ బార్‌స్కీ, ఆయన తోటి సర్జన్లు ఫీజు తీసుకోలేదు. ఆపరేషన్‌కూ ఆపరేషన్‌కూ నడుమ క్వేకర్లనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబాలు వారిని తమ ఇళ్లలో ఉంచుకున్నాయి. ఆ మేలు చిన్నది కాదు. కాని అదే నెలలో తనిమోతోను ఒక టెలివిజన్ కార్యక్రమానికి పిలిచి, బాంబు వేసిన విమానం సహచాలకుణ్ణి ముందస్తు కబురు లేకుండా ఆయన ఎదుట నిలబెట్టారు. ఇద్దరు యువతులను తెర వెనుక నీడలుగా చూపించారు. ముఖాలు దాచారు, నిజమే. అయినా రోగి బాధను తమాషాగా మార్చడం ఏ దేశంలోనైనా తగని పనే.

చికిత్స ఒక్కరోజు వ్యవహారం కాదు. ముడుచుకున్న మచ్చను కోసి విడదీస్తారు. ఏర్పడిన ఖాళీని కడుపు నుంచో తొడ నుంచో తీసిన చర్మంతో కప్పుతారు. అది అతుక్కునేదాకా కదలకుండా ఉంచుతారు. తర్వాత మళ్లీ ముడుచుకోకుండా వ్యాయామం చేయిస్తారు. ఏడాదిన్నరలో ఆ 25 మందికీ కలిపి 100కు మించి ఆపరేషన్లు జరిగాయి. 1956 మేలో ఒక యువతి, పెద్దది కాదనుకున్న ఆపరేషన్ సందర్భంగా గుండె ఆగి మరణించింది. ఆమె చితాభస్మంతో తోటివారు కొందరు ఇల్లు చేరారు. చివరి బృందం ఆ ఏడాది నవంబరులో వెళ్లింది.

పాత ముఖం ఎవరికీ తిరిగి రాలేదు. మచ్చలు తగ్గాయే గాని పోలేదు. కాని వంగిన వేళ్లు పట్టు నేర్చాయి, మెడ తిరిగింది, రెప్పలు మూతపడ్డాయి. కొందరు పెళ్లి చేసుకుని తల్లులయ్యారు. జపాన్‌లో మిగిలిపోయిన బాధితుల సంగతి కూడా చర్చకు వచ్చింది. 1957లో ఆ ప్రభుత్వం అణుబాంబు బాధితుల వైద్యానికి చట్టం చేసింది.

ఇక మన ఇళ్లలో వినిపించే సందేహం: మచ్చకు కత్తి పెట్టించడం అల్లాహ్ సృష్టిని మార్చడం కాదా? అర్ఫజా (రజి) అనే సహాబీకి ఇస్లాంకు పూర్వం జరిగిన కులాబ్ యుద్ధంలో ముక్కు పోయింది. వెండి ముక్కు పెట్టుకుంటే అది దుర్వాసన వేసింది. అప్పుడు దైవప్రవక్త (స) బంగారు ముక్కు పెట్టుకోమని ఆదేశించారు. ఇది అబూ దావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాల్లో ఉంది. పురుషులకు బంగారం నిషిద్ధమైనా అవసరం ముందు ఆ పట్టుదల లేదు. 2007లో మలేషియాలోని పుత్రజయలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ కూడా కాలిన గాయాలు, ప్రమాదాల వల్ల ఏర్పడిన లోపాలను సరిచేయించుకోవడం జాయిజ్ అని తీర్మానించింది. ఉన్న అందం చాలక చేయించుకునే కోతల మాట వేరు.

ఇటీవలి కాలంలో జోర్డాన్ రాజధాని అమ్మాన్ ఇటువంటి ప్రయాణాలకు గమ్యమైంది. సరిహద్దులు లేని వైద్యుల సంస్థ 2006లో అక్కడ ఇరాక్ యుద్ధ క్షతగాత్రుల కోసం శస్త్రచికిత్స మొదలుపెట్టింది. తర్వాత సిరియా, యెమెన్, పాలస్తీనా నుంచి కూడా రోగులు వచ్చారు. హిరోషిమా పిల్లలకు దొరకనిది ఇక్కడ దొరికింది: చుట్టూ తమ భాషే. చిన్నపిల్లల వెంట ఇంటి మనిషి ఒకరు ఉండే ఏర్పాటు, నెలల తరబడి ఉండేవారికి చదువు చెప్పే ఏర్పాటు చేశారు.

మనవాళ్లలో ఎవరైనా గల్ఫ్‌లో ఉన్న బంధువుల సాయంతో బిడ్డను విదేశానికి పంపాలనుకుంటే, ముందు ఇక్కడి ప్లాస్టిక్ సర్జన్‌ను కలవాలి. అరబ్బు దేశాలవాళ్లే చికిత్సకు హైదరాబాదు వస్తున్నారు కదా! ఎన్ని ఆపరేషన్లు కావాలి, తిరిగొచ్చాక వ్యాయామం చేయించేదెవరు, మచ్చను అదిమి ఉంచే బిగుతు తొడుగు ఎన్ని నెలలు వేసుకోవాలి, కీలాయిడ్ అయితే కోసినా మళ్లీ పెరిగే అవకాశం ఎంత అని అడగాలి. అడిగేటప్పుడు బిడ్డను పక్కనే కూర్చోబెట్టుకోవాలి. కోత పడేది ఆ బిడ్డ ఒంటి మీదే.