పిరుదులో పుట్టి పాదం దాకా పాకే నొప్పి

పాశమైలారం ఫ్యాక్టరీల్లో డ్రమ్ములు దొర్లించేవాళ్లు, బొల్లారం షెడ్లలో షిఫ్టంతా నిలబడేవాళ్లు, ముంబై హైవే మీద లారీ నడిపేవాళ్లు పిరుదు పట్టుకుని "నరం పట్టేసింది" అంటారు. అందరికీ దాదాపు ఒకే మందు దొరుకుతుంది: సందు చివర ఆర్‌ఎంపీ వేసే నొప్పి సూది. ఆ సూది పడేముందు నొప్పి ఎక్కడ పుట్టిందో చూడాలి.

నడుము కింద పుట్టిన నరాల మూలాలు కలిసి సయాటిక్ నరమవుతాయి. శరీరంలో అన్నిటికన్నా లావైన నరం ఇదే. పిరుదు లోతుల్లో పిరిఫార్మిస్ అనే కండరం పక్కగా తొడ వెనక్కి దిగుతుంది. జారిన డిస్కు దీని మూలాన్ని నొక్కుతుందని 1934లో మిక్స్టర్, బార్ అనే అమెరికన్ వైద్యులు చూపించారు. అలాంటప్పుడు దగ్గినా, తుమ్మినా నొప్పి మోకాలు దాటి కిందికి లాగుతుంది. పిరుదు లోపలే నరం నలిగితే నడుము బాగానే ఉంటుంది, కూర్చున్నకొద్దీ మంట పెరుగుతుంది. ఒక పక్కకు తిరిగి పడుకోలేకపోతే నరాన్ని కాదు, తుంటి పక్కనున్న కండరాల స్నాయువులను అనుమానించాలి. గజ్జలో నొప్పి, కింద కూర్చోలేకపోవడం ఉంటే తుంటి కీలును చూపించుకోవాలి. మద్యం, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవాళ్లలో ఆ కీలులోని బంతిలాంటి ఎముక రక్తం అందక దెబ్బతినవచ్చు. తొలిదశలో అది ఎక్స్‌రేకు చిక్కదు.

ఇక సూది సంగతి. పిరుదు పైభాగంలో బయటి మూలన పడాల్సింది కాస్త కిందికి, లోపలికి జరిగితే తగిలేది సయాటిక్ నరానికే. కొందరికి పాదం పైకి లేవకుండా పోతుంది. రేపటి డ్యూటీ పోకూడదని వేయించుకున్న సూది నెలల తరబడి డ్యూటీని పోగొడుతుంది. మాత్రతో సరిపోయే నొప్పికి ఇంత ప్రమాదం ఎందుకు? నోరు తెరిచి మాత్రే అడగండి.

మంచం పట్టడం వల్లా మేలు లేదు. రెండు వారాలు పడుకోబెట్టినా అదనపు లాభం లేదని 1999లో నెదర్లాండ్స్ వైద్యులు తేల్చారు. బరువులు ఎత్తడం మానాలి, నడక మానకూడదు. ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలు వారాల తరబడి చేయాలి. డిస్కు వల్ల వచ్చిన సయాటికా చాలామందిలో కొన్ని వారాల నుంచి మూడు నెలల్లో నెమ్మదిస్తుంది.

నరాల మాత్రగా రాసే ప్రీగాబాలిన్ సయాటికాలో ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగ్గా పనిచేయలేదని 2017లో ఆస్ట్రేలియా పరిశోధన చెప్పింది. పైగా తల తిరుగుతుంది. స్టీరింగ్ పట్టేవాళ్లకు, ప్రెస్ మెషిన్ ముందు నిలబడేవాళ్లకు అది మామూలు ఇబ్బంది కాదు. ఇప్పటికే వాడుతుంటే మాత్రం ఒక్కసారిగా ఆపొద్దు, డాక్టరుతో మాట్లాడి మెల్లగా తగ్గించుకోవాలి.

మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా, మర్మావయవాల చుట్టూ స్పర్శ పోయినా, రెండు కాళ్లూ బలహీనపడినా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. అప్పుడు ప్రతి గంటా లెక్కే.

మిగతావాళ్లకు కావాల్సింది కొన్ని వారాల వెసులుబాటు. కాంట్రాక్టు కార్మికుడు జీతం పోతుందన్న భయంతోనే సూదివైపు నడుస్తాడు. ఈఎస్‌ఐ చందా సరిగా కడుతున్నవాళ్లకు డాక్టరు సర్టిఫికెట్ మీద ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. మీ పేరున ఆ చందా నిజంగా పడుతోందో లేదో ఈ నెల జీతం స్లిప్పులోనే చూసుకోండి.