కాపలా లేని నీళ్లు

ఒసే బుజ్జీ, గ్లాసు ఆ డ్రమ్ములో ముంచకు! కుళాయి తిప్పి పట్టుకో. "ఫిల్టరు నీళ్లే కదా తాతయ్యా, ఏమవుతుంది?" అంటావు. అక్కడే ఉంది తిరకాసు.

మున్సిపాలిటీ నీళ్లలో బ్లీచింగు వాసన వస్తుందని ముక్కు మూసుకుంటావు కదా. ఆ క్లోరినే నీళ్లకి కాపలా. లీటరుకి 0.2 మిల్లీగ్రాములు మిగిలినా చాలు, దారిలో చొరబడే సూక్ష్మజీవుల పని పడుతుంది. మన ఆర్‌ఓ మిషన్‌లో కార్బన్ గొట్టం ముందుగా ఆ క్లోరిన్నే పట్టేస్తుంది. లేకపోతే లోపలున్న సన్నటి పొర పాడైపోతుంది. అంచేత అటునుంచి నీళ్లు శుభ్రంగానే వస్తాయి గానీ, కాపలావాడు గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. ఇక నీ వేళ్లు ముంచావనుకో, వాటి మీదున్న వాళ్లని ఆపేదెవరు?

మొన్న మీ నానమ్మ పది రోజులు ఊరెళ్లినప్పుడు డ్రమ్ము కడగడం నా వంతు. నేనా, పోసుకోవడం తాగడం తప్ప ఏమీ చెయ్యలేదు. ఆవిడొచ్చి లోపలి గోడ మీద వేలుతో రాసి, ఆ వేలు నా ముందు పెట్టింది. కంటికేమీ కనబడలేదు, ముట్టుకుంటే మాత్రం చేప వీపులా జారింది! అది సూక్ష్మజీవులు తమ చుట్టూ కట్టుకునే జిగురు ఇల్లు. నీళ్లు పోసి గలగలా తొలిపితే కదలదు. పీచు పెట్టి రుద్దాల్సిందే. కుళాయి మూతి లోపల మరీ ఎక్కువగా పడుతుంది.

డ్రమ్ము కిటికీ పక్కన పెట్టొచ్చా అని మొన్న అడిగావు. మనది స్టీలు కాబట్టి సరే. తెల్లటి ప్లాస్టిక్ క్యాను ఎండలో పెడితే వెలుగు లోపలికి పోయి నాచు పడుతుంది.

రాగి బిందె సంగతి వేరు. రాత్రి పోసి పొద్దున తాగితే, రాగి కొద్దికొద్దిగా నీళ్లలోకి దిగి చాలా సూక్ష్మజీవుల్ని చంపుతుంది. ప్రయోగశాలల్లో చూసిన మాటే ఇది. అలాగని వారం రోజులు నిలవుంచకు. నిమ్మరసం, మజ్జిగ అసలే పొయ్యకు, పులుపుకి రాగి మరీ ఎక్కువ కరుగుతుంది. చింతపండుతో తోమితే బిందె తళతళలాడేదీ అందుకేలే.

ఇక నానమ్మ వంటింటి రహస్యం చెప్పనా? ఒంటికి బోరు నీళ్లు, కందిపప్పుకి మాత్రం ఫిల్టరు నీళ్లు. బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ. పప్పుని పట్టి ఉంచే పెక్టిన్‌తో అది గట్టిగా ముడిపడుతుంది. ఎన్ని విజిల్సొచ్చినా పప్పు కటకటలాడుతుంది. పాలు పొయ్యని టీ మీద తెట్టులా తేలే పొరకీ ఈ కాల్షియమే కారణం. నా టీకి ఫిల్టరు నీళ్లిమ్మంటే మాత్రం ఆవిడకి పొదుపు గుర్తొస్తుంది.

రేపు శుక్రవారం. నిలవ నీళ్లలో పెట్టిన గుడ్డు దోమ కావడానికి వారం పైచిలుకు పడుతుంది గనక, వారానికోసారి డ్రమ్మూ బిందే అన్నీ వొంపి రుద్ది ఆరబెడతాం. నువ్వూ రా తల్లీ, నా చెయ్యి ఆ కుళాయి మూతిలో పట్టదు.