దాచవలసిన మాట, చెప్పవలసిన మాట

కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల ప్రాంతమునకు నడిగడ్డ యని పేరు. కృష్ణ దాటిన వనపర్తి. ఆవల నల్లమల అడవులను తనలో చేర్చుకొన్న నాగర్‌కర్నూలు. ఈ మూడును 2016లో మహబూబ్‌నగర్ నుండి వేరుపడి జిల్లాలైనవి. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూలులందును, 2024లో గద్వాలయందును ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. ఆసుపత్రులు పెద్దవైనవి గాని ఊళ్లు చిన్నవే. ఇచ్చట రోగి నర్సుకు ఎదురింటివాడు కావచ్చును. అతని జబ్బు పేరు ఆమె నోట వెలువడెనా, సాయంత్రమునకు వీధియంతయు తెలిసిపోవును.

క్షయవ్యాధినే తీసికొందము. కూలికై ముంబయి, పుణె మొదలగు పట్టణములకు వలసపోవుట పాలమూరు ప్రజలకు తరతరముల అలవాటు. అట్లు పోయి దగ్గుతో తిరిగివచ్చిన యొకనికి క్షయ యని తేలినదనుకొనుడు. "సిస్టరమ్మా, మా ఇంట్ల చెప్పకుండ్రి. బిడ్డ పెండ్లి ఉన్నది" అని అతడు చేతులు జోడించును.

ఆమె యేమి చేయవలెను? రోగి రహస్యమును కాపాడుట ఆమె ధర్మము. కాని క్షయ గాలిద్వారా అంటును. ఇంటనున్న పసిపిల్లలను పరీక్షింపకున్న వారికి ముప్పు. చట్టము కొంతవరకే దారి చూపును. 2012 నుండి ప్రతి క్షయరోగిని గూర్చి ప్రభుత్వమునకు తెలుపుట తప్పనిసరి. అది ఆరోగ్యశాఖకు తెలుపుటయే గాని, అరుగులమీద చెప్పుకొనుట కాదు. ఇంటివారి సంగతి నర్సు నేర్పుమీదనే ఆధారపడియుండును.

రహస్యము కేవలము మర్యాద కొఱకని తలపరాదు. సాధారణముగ ఈ వ్యాధికి ఆరు నెలలు మందులు వాడవలెను. సంగతి బయటపడినచో రోగి సిగ్గుపడి ఆసుపత్రి మొగము చూడడు. మందు నడుమ మానినచో వ్యాధి మొండికెత్తును. రహస్యము చికిత్సలో ఒక భాగమే.

కావున అనుభవముగల నర్సు చాటున ఇంటివారికి చెప్పదు, అతనిచేతనే చెప్పించును. మందులు సరిగా వాడిన కొద్ది వారములలోనే అంటించు గుణము తగ్గునని, పిల్లలకు నివారణ మందులు గలవని, పెండ్లి ఆగనక్కరలేదని నచ్చజెప్పును. "నీ భార్యను తోడ్కొనిరా, నా యెదుటనే చెప్పుము" అనును. ఇది ఒక్కనాటితో తేలు పని కాదు. అతడు అప్పటికిని ఒప్పుకొననిచో వైద్యునితో ఆలోచింపవలెను. ఆమె యొక్కతెయే తేల్చదగిన విషయము కాదిది.

ఇంతయు మాటాడుటకు అరగంటయైన కావలెను. ఆ అరగంటలో పక్క మంచమున సెలైను అయిపోవుచుండును. వార్డు చివరనుండి మరియొకరు "సిస్టరమ్మా" యని పిలుచుచుందురు.