గడియారాన్ని నమ్ముకున్న మేక్

మా ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో మూలనున్న కంప్యూటరుకు ఎప్పుడూ జనవరి ఒకటో తారీఖే. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు లోపలి గడియారం నడిచేది దాని మీదే. అది చచ్చిపోయి ఎన్నాళ్ళయిందో ఎవరికీ తెలీదు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఆ యంత్రం 2000 జనవరి 1, అర్ధరాత్రి పన్నెండింటికి మళ్ళీ కొత్తగా పుట్టేది. ప్రాజెక్టు వారం వచ్చేదాకా మాకది నవ్వులాటే.

ఆ వారంలో ఒక మధ్యాహ్నం రెండు గంటలు కూర్చుని ప్రోగ్రాం రాశాను. నడిపితే లెక్క తప్పింది. కరెంటు పోయింది, వచ్చింది. ఈలోగా తప్పెక్కడుందో తట్టింది: ఒక లూపు ఒక చుట్టు ఎక్కువ తిరుగుతోంది. దిద్దాను. దిద్దిన ఫైళ్ళతో ప్రోగ్రామును మళ్ళీ తయారుచేయించే ఆజ్ఞ, ‘మేక్’ అని కొట్టాను. అంతా తాజాగానే ఉంది, చేయాల్సిందేమీ లేదు అన్నట్టు ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. నడిపితే పాత తప్పే. మళ్ళీ చదివాను, మళ్ళీ దిద్దాను, మళ్ళీ అదే. సరిగ్గా ఉన్న కోడును కాసేపు అనుమానించాను. హాస్టల్లో ఈ మేక్‌ను మేమంతా ‘మేక’ అనేవాళ్ళం. “ఏమంటోందిరా నీ మేక?” అంటూ పక్క సిస్టం వాడొచ్చి ఫైళ్ళ జాబితా తెరిచి వేలితో చూపించాడు. కరెంటు పోకముందు తయారైన ఫైలు మీద టైము రెండు గంటలు. నేను అప్పుడే దిద్దిన ఫైలు మీద పన్నెండూ ఇరవై. మేక లెక్కలో నేను దిద్దింది పాతది, అంతకుముందు తయారైంది కొత్తది. దాని తప్పేం లేదు. దానికి తెలిసిందల్లా గడియారం చూడటమే.

చాలా ఏళ్ళ తర్వాత మేక్ పుట్టుక గురించి చదివినప్పుడు నవ్వొచ్చింది. ఏ బాధ తప్పించడానికి దాన్ని కనిపెట్టారో, సరిగ్గా ఆ బాధే అది నాకు పెట్టింది.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం, మర్రే హిల్. యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టం పుట్టిన బెల్ ల్యాబ్స్ అక్కడే. 1976 ఏప్రిల్. యాక్ అనే ప్రసిద్ధ ఉపకరణం రాసిన స్టీవ్ జాన్సన్ ఒక రోజు విసవిసా నడుచుకుంటూ స్టువర్ట్ ఫెల్డ్‌మన్ గదిలోకి వచ్చాడు. పొద్దున్నంతా ఒక బగ్గు వెంట పడ్డాడట. తీరా చూస్తే ఆ బగ్గును ఎప్పుడో సరిచేసేశాడు, సరిచేసిన ఫైలును మళ్ళీ కంపైల్ చేయడం మాత్రం మరిచాడు. ఫెల్డ్‌మన్‌కు ఆ మాట కొత్తగా అనిపించలేదు. ముందు రోజు సాయంత్రం ఆయనా అదే గోతిలో పడి లేచాడు. ఏది మారితే ఏది మళ్ళీ చేయాలో కనిపెట్టే పెద్ద విశ్లేషణ యంత్రం ఒకటి రాయాలని మొదట అనుకున్నాడు. ఆలోచిస్తూ పోగా అది చిక్కి చిన్నదైపోయింది. ఆ శనాదివారాల్లోనే మేక్ తయారైంది.

ఆయనకు తట్టిన చిన్న ఉపాయం ఇది. సి భాషలో రాసిన ప్రోగ్రాం ఒక్క ఫైలుగా ఉండదు. పది సోర్సు ఫైళ్ళుంటే, కంపైలర్ ఒక్కోదాన్నీ యంత్రభాషలోకి మార్చి పది ఆబ్జెక్ట్ ఫైళ్ళు ఇస్తుంది. లింకర్ ఆ పదింటినీ కలిపి కుడితే నడిచే ప్రోగ్రాం వస్తుంది. ఒక ఫైల్లో ఒక కామా మార్చినందుకు పదీ మళ్ళీ కంపైల్ చేయడం దండగ. ఆ రోజుల యంత్రాల మీద అది కాఫీ తాగి వచ్చేంత పని. సాంబారులో ఉప్పు తగ్గితే మళ్ళీ పప్పు నానబెట్టుకోం కదా. మరి మార్చిన ఫైళ్ళేవో గుర్తుపెట్టుకుని వాటినే కంపైల్ చేద్దామంటే, మనిషన్నాక మరుపుంటుంది. జాన్సన్ మరిచింది అదే.

అందుకని ఫెల్డ్‌మన్ ‘మేక్‌ఫైల్’ అనే ఒక చీటీ రాయమన్నాడు. చీటీలో ఒక్కో నియమానికి రెండు భాగాలు. ఫలానాది ఫలానా వాటి మీద ఆధారపడుతుంది అన్నది మొదటిది. దాన్ని తయారుచేయాలంటే ఫలానా ఆజ్ఞ ఇవ్వాలి అన్నది రెండోది. మేక్ ఆ చీటీ చదివి చెట్టులాంటి ఒక అల్లిక కట్టుకుంటుంది. కావలసిన వస్తువు దగ్గర మొదలుపెట్టి వేళ్ళ దాకా దిగుతుంది. ప్రతి చోటా ఒకటే ప్రశ్న: ముడిసరుకు టైము, తయారైన వస్తువు టైము కంటే తరవాతిదా? అయితే మళ్ళీ చెయ్యి. కాకపోతే వదిలెయ్యి. ఫైలు లోపల ఏముందో దానికి అక్కర్లేదు, సి భాష కూడా తెలియదు. ఆ తెలియకపోవడమే దాని బలమని నా ఉద్దేశం. అందుకే మేక్‌తో ప్రోగ్రాములే కాదు, పుస్తకాలు కూర్చినవాళ్ళున్నారు, పటాలు గీయించినవాళ్ళున్నారు. ఒకదాని నుంచి ఇంకొకటి తయారయ్యే చోటల్లా అది పనికొచ్చింది.

ఇక ట్యాబ్ సంగతి. మేక్‌ఫైల్లో ఆజ్ఞ ఉన్న వరస ట్యాబ్‌తో మొదలవ్వాలి. ఎనిమిది ఖాళీలు పెడితే చెల్లదు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. కంటికి తేడా తెలియని తప్పుకు మేక్ ‘సెపరేటర్ లేదు’ అని అరిచి ఆగిపోతుంది. వర్డులో రాసుకున్న మేక్‌ఫైలును కాపీ చేసి అతికించి, ఆ మాట ముందు తలపట్టుకుని కూర్చున్న కొత్త ఉద్యోగులను హైదరాబాదు ఆఫీసుల్లో నేను చాలామందినే చూశాను. దీని పుట్టుక గురించి ఫెల్డ్‌మన్ ఏమీ దాచుకోకుండా చెప్పాడు. రాసినదాన్ని చదివి విడదీసే ప్రోగ్రాములు తయారుచేసే యాక్, లెక్స్ అప్పటికి కొత్త ఉపకరణాలు, వాటిని నేర్చుకోవడానికి మేక్ ఒక సాకు. లెక్స్‌తో మొదటి ప్రయత్నంలోనే చిక్కుపడి, కొత్త వరసలో ముందు ట్యాబ్ ఉంటే ఆజ్ఞ అనే తేలిక దారి పట్టాడు. పని జరిగింది. కొన్ని వారాలకు ఓ డజను మంది వాడుకరులు తయారయ్యారు, ఎక్కువమంది స్నేహితులే. వాళ్ళు అప్పటికే రాసుకున్న చీటీలు చెడిపోతాయని దాన్ని మార్చలేదు.

డజను మందికి ఇబ్బంది కాకూడదన్న ఆ మొహమాటానికి తర్వాతి యాభై ఏళ్ళ ప్రపంచం లొంగింది. గ్నూ మేక్ 2010లో ట్యాబ్ బదులు వేరే గుర్తు పెట్టుకునే వీలు కల్పించింది. దాన్ని వాడినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. అలవాటైన ముల్లు చెప్పులోనే ఉండిపోయింది.

గ్నూ మేక్ అన్నాను. బెల్ ల్యాబ్స్ మేక్ యూనిక్స్ సొత్తు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలయ్యాక రిచర్డ్ స్టాల్‌మన్, రోలండ్ మెక్‌గ్రాత్ గ్నూ పేరుతో తమ మేక్‌ను తాము రాసుకున్నారు. 1990ల చివరి నుంచి దాని బాగోగులు చూస్తున్నది పాల్ స్మిత్. పదుల వేల ఫైళ్ళున్న లైనక్స్ కెర్నెల్ తయారయ్యేది దీనితోనే. ఫోను, టీవీ, రైల్వే టికెట్ల సర్వరు, ఏది తీసుకున్నా లోపల లైనక్స్ ఉందంటే ఎక్కడో ఒక రోజు ఎవరో ‘మేక్’ అని కొట్టి ఉంటారు. ఆపిల్ మ్యాక్‌లో మాత్రం 2006 నాటి 3.81 కూర్పే ఇప్పటికీ వస్తోంది. లైసెన్సు నిబంధనలు ఆ తర్వాత మారాయి, ఆ కంపెనీకి అవి మింగుడుపడలేదు.

ఇంత పాత పనిముట్టులో కొత్త కూర్పు వస్తే అందులో ఏముంటుందని అడగొచ్చు. 2022 అక్టోబరు 31న వచ్చిన 4.4 నే చూడండి. అందులో నాకు బాగా నచ్చింది ‘షఫుల్’ అనే సదుపాయం. పేకముక్కలు కలిపినట్టు, చేయాల్సిన పనుల వరసను అది కావాలనే తారుమారు చేస్తుంది. ఎందుకంటారా? ఇప్పటి కంప్యూటర్లలో ఎనిమిదీ పదహారూ కోర్లుంటాయి. మేక్ ఒకేసారి అన్ని పనులు పురమాయించగలదు. కానీ ‘ఇది దాని మీద ఆధారపడుతుంది’ అని చీటీలో రాయడం మరిచినా, ఒకదాని తర్వాత ఒకటిగా చేసినన్నాళ్ళూ అదృష్టవశాత్తూ సరైన వరసలోనే జరిగిపోతాయి. ఒక్కసారిగా పురమాయిస్తేనే బండారం బయటపడుతుంది, అదీ వందసార్లలో ఒకసారి, అర్ధరాత్రి బిల్డులో. ఆ దాగిన మరుపును పట్టపగలే బయటికి లాగడానికి ఈ కలిపేయడం. జాన్సన్ మరుపును పట్టుకోవడానికి మేక్, మేక్‌ఫైల్ రాసేవాడి మరుపును పట్టుకోవడానికి షఫుల్!

మధ్యలో పోటీదారులూ వచ్చారు. జావా వాళ్ళకు 2000లో ఆంట్ వచ్చింది, తర్వాత మేవెన్, గ్రేడిల్. ఆంట్ అంటే చీమ, గ్రేడిల్ ముద్ర ఏనుగు, గ్నూ ఎలాగూ అడవి జంతువే. మా మేకను కూడా కలిపితే చిన్న జూ పార్కు అవుతుంది. ట్యాబ్ బదులు వీళ్ళు వేరే వ్యాకరణాలు తెచ్చారు. ఆంట్ అయితే చీటీని ఎక్స్‌ఎంఎల్‌లో రాయమంది, అది చదవడం ఇంకో శిక్ష.

అసలు తిరుగుబాటు వ్యాకరణం మీద కాదు, గడియారం మీద. మా ల్యాబులో జరిగింది పేదరికపు బ్యాటరీ కథ అనుకోవద్దు. ఫైళ్ళు ఒక సర్వరులో, కంపైలర్ ఇంకో యంత్రంలో ఉండి, రెండు గడియారాలకూ పది సెకన్ల తేడా ఉంటే చాలు. ‘ఈ ఫైలును భవిష్యత్తులో మార్చారు’ అని మేక్ హెచ్చరిస్తుంది. గడియారాలు పొసగడం లేదు, బిల్డు అసంపూర్ణంగా ఉండొచ్చు అని కూడా చెబుతుంది. పాపం, తను నమ్ముకున్న ఒకే ఒక్క సాక్షి అబద్ధమాడుతోందని దానికి తెలుస్తుంది, వేరే సాక్షి మాత్రం లేడు.

ఆ వేరే సాక్షిని తెచ్చినవాటిలో పేరున్నది గూగుల్ బేజెల్. లోపల వాళ్ళు వాడుకునే బ్లేజ్ అనే పనిముట్టు పేరులోని అక్షరాలనే అటూ ఇటూ మార్చి ఆ పేరు పెట్టి, 2015లో ఓపెన్ సోర్స్‌గా బయటికి ఇచ్చారు. 2019 అక్టోబరులో 1.0, 2024 డిసెంబరులో 8.0 వచ్చాయి. బేజెల్‌కు ఫైలు ఎప్పుడు మారిందన్నది ముఖ్యం కాదు, నిజంగా మారిందా అన్నదే ముఖ్యం. ఫైల్లో ఉన్న ప్రతి అక్షరాన్నీ లెక్కలో వేసి హ్యాష్ అనే ఒక పొడుగు సంఖ్య తీస్తుంది. వేలిముద్ర లాంటిది. ముద్ర మారకపోతే పని లేదు. ఒక ఇంజనీరు యంత్రంలో తయారైన ముక్కకు సరిగ్గా ఆ ముద్రలున్న ముడిసరుకే వాడి ఉంటే, ఇంకో ఊళ్ళో కూర్చున్న ఇంజనీరుకు దాన్నే అందిస్తుంది, మళ్ళీ వండదు. చెప్పని ఫైలు జోలికి ఏ పనీ పోకుండా ఒక్కోదాన్నీ గదిలో పెట్టి గొళ్ళెం వేస్తుంది. ఇంత కాపలాకు ఖర్చుంది. మూడు ఫైళ్ళ ప్రోగ్రాముకు బేజెల్ పెట్టడమంటే ముగ్గురికి వంట చేయడానికి పెళ్ళి గాడిపొయ్యి తవ్వడమే.

కాపలా ఎందుకో 2024 మార్చిలో అందరికీ తెలిసొచ్చింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేసే ఇంజనీరు. తన యంత్రంలోకి దూరం నుంచి లాగిన్ కావడానికి అర సెకను ఆలస్యమవుతోందని గమనించి తవ్వుకుంటూ పోయాడు. ఫైళ్ళు కుదించే ‘ఎక్స్‌జెడ్’ అనే లైబ్రరీ 5.6.0, 5.6.1 కూర్పుల్లో దొంగతలుపు దొరికింది. అందరూ చూడగలిగే సోర్సు కోడు భండారంలో దాని తాళంచెవి లేదు. విడుదల చేసిన కట్టలోని బిల్డు స్క్రిప్టులో ఒక వరస అదనంగా చేర్చారు. ఆ వరస మేక్‌ఫైలును మార్చేస్తుంది, పరీక్షల కోసం పెట్టిన పాడైన ఫైళ్ళలా కనిపించే వాటిలోంచి విషం బయటికి తీసి కలుపుతుంది. సోర్సును వేలమంది చదవొచ్చు. సోర్సుకూ ప్రోగ్రాముకూ మధ్యనున్న ఈ వంటగదిలోకి తొంగిచూసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. అక్కడ మేక్ తనకు చెప్పిన పని తు.చ. తప్పకుండా చేసింది.

అందుకే ఒకే సోర్సును ఇద్దరు వేర్వేరు చోట్ల బిల్డ్ చేస్తే అక్షరం తేడా లేని ప్రోగ్రామే రావాలని పట్టుబట్టే ప్రయత్నం డెబియన్ అనే లైనక్స్ పంపిణీలో 2013 నుంచే సాగుతోంది. రెండూ ఒకటే అయితే మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టలేదని తెలుస్తుంది. దానికి అడ్డుపడ్డ వాటిలో మొదటి వరసలో నిలిచింది మళ్ళీ గడియారమే. ‘ఫలానా రోజు ఫలానా టైముకు తయారైంది’ అని చాలా ప్రోగ్రాములు తమ ఒంటి మీద పచ్చబొట్టు పొడిపించుకుంటాయి. ఆ ఒక్క ముక్కతో రెండు బిల్డులు రెండు రకాలైపోతాయి. ఇప్పుడు బిల్డు యంత్రానికి ముందే ఒక తేదీ చెప్పి పెడుతున్నారు. నిజంగా ఎప్పుడు చేసినా ఆ తేదీనే వేసుకోవాలి.

నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో ఎల్కో డోల్‌స్ట్రా మొదలుపెట్టిన నిక్స్ అనే ప్యాకేజీల పనిముట్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. తన గోదాములో చేరిన ప్రతి ఫైలు తేదీనీ చెరిపేసి ఒకటే తేదీ గుద్దుతుంది: యూనిక్స్ కాలం మొదలైన క్షణానికి ఒక్క సెకను తర్వాత. మొన్న మా ఇంట్లో లాప్‌టాప్‌లో నిక్స్ పెట్టుకుని ఆ ఫైళ్ళ జాబితా తెరిచాను. పైనుంచి కిందదాకా, పేజీల కొద్దీ, ఏ ఫైలు చూసినా 1970 జనవరి 1. మన కాలమానం కదా, ఉదయం 5:30 అని చూపిస్తోంది. బ్యాటరీ చచ్చిందేమో అనుకున్నాను, ఒక్క క్షణం.