మొండి బకాయిల గురించి మీకు తెలుసా?

● వాయిదా గడువు దాటి 90 రోజులు మించితే ఆ అప్పు బ్యాంకు లెక్కల్లో ఎన్‌పీఏ, అంటే నిరర్థక ఆస్తి. పంట రుణానికి మాత్రం రోజుల లెక్క లేదు. స్వల్పకాలిక పంటలైతే రెండు సీజన్లు, దీర్ఘకాలిక పంటలైతే ఒక సీజను చూస్తారు.

● ఈ కట్టడి వెనక ఒక తెలుగువాడున్నారు. ఒకప్పుడు మన ప్రభుత్వ బ్యాంకులు చేతికి రాని వడ్డీని కూడా ఆదాయంగా రాసుకునేవి. కాగితం మీద లాభం, పెట్టెలో సొమ్ము శూన్యం! 1991లో మైదవోలు నరసింహం కమిటీ దీన్ని మార్చమంది. మొండిబారిన అప్పుపై వడ్డీని వసూలయ్యాకే ఆదాయంగా చూపాలని, నష్టానికి ముందే లాభాల్లోంచి కేటాయింపులు చేయాలని సూచించింది. మొదట్లో ఏడాదిగా ఉన్న గడువు క్రమంగా తగ్గి, 2004 నాటికి 90 రోజులకు వచ్చింది. 1977లో రిజర్వు బ్యాంకు గవర్నరుగా చేసిన నరసింహం, ఆ సంస్థ సొంత ఉద్యోగుల్లోంచి ఆ పదవికెక్కిన ఏకైక వ్యక్తి. 2021లో హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆయన్ని మన పిల్లలకు ఇంకా బాగా పరిచయం చేయాల్సింది.

● నిబంధన ఉన్నా దాచడం ఆగలేదు. పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పిచ్చి ఖాతాను ‘బాగున్నట్టు’ చూపేవారు. 2015లో గవర్నరు రఘురామ్ రాజన్ హయాంలో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుల ఖాతా పుస్తకాలు తిరగేయించింది. 2018 మార్చికి ప్రభుత్వ బ్యాంకుల స్థూల ఎన్‌పీఏలు ఇచ్చిన అప్పుల్లో 14.6 శాతానికి, దాదాపు 9 లక్షల కోట్ల రూపాయలకు చేరాయి. రోగం కొత్తగా రాలేదు, పరీక్షలో బయటపడింది. 2025 మార్చికి అది 2.58 శాతం.

● ఆ తగ్గుదలంతా వసూళ్ల పుణ్యం కాదు. పూర్తిగా కేటాయింపులు చేసిన పాత బాకీలను బ్యాంకులు ఖాతాల్లోంచి కొట్టేస్తాయి. అది మాఫీ కాదు, బాకీదారు ఇంకా కట్టాల్సిందే, కేసులూ నడుస్తాయి. అయితే అలా కొట్టేసిన వాటిలో ఎంత తిరిగొచ్చిందో ఏటా గట్టిగా అడగాల్సింది మనమే. అది డిపాజిటర్ల, పన్ను కట్టేవాళ్ల సొమ్ము.

● 2016 దివాలా చట్టం కింద దేశంలో పరిష్కారమైన తొలి కేసు విశాఖపట్నానిది. సినర్జీస్ దూరే ఆటోమోటివ్ బాకీ సుమారు 970 కోట్లు. 2017 ఆగస్టులో హైదరాబాద్‌లోని జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) ఆమోదించిన ప్రణాళికలో రుణదాతలకు దక్కింది 55 కోట్ల లోపే. ఏళ్ల తరబడి ఖాయిలా సంస్థగా నానిన కంపెనీలో అంతకు మించి ఏం మిగులుతుంది?

● 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం 60 రోజుల నోటీసిచ్చి, కోర్టులో దావా వేయకుండానే బ్యాంకు తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకోవచ్చు. వ్యవసాయ భూమి జోలికి మాత్రం ఈ చట్టంతో రాకూడదు.

● ఖాతా మొండిబారకముందే 30, 60, 90 రోజుల మెట్లలో ‘ఎస్‌ఎంఏ’, అంటే ప్రత్యేకంగా గమనించాల్సిన ఖాతా అనే గుర్తు పడుతుంది. కష్టం వస్తే శాఖ మేనేజరును కలవాల్సింది అప్పుడే. ఎన్‌పీఏ అయ్యాక ఒకటి రెండు కిస్తీలు కడితే సరిపోదు, పేరుకున్న బకాయి మొత్తం, వడ్డీతో సహా తీరిస్తేనే ఖాతా మళ్లీ మామూలు స్థితికి వస్తుంది.