వార్తల్లో పదం: పారమౌంట్సీ

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ దగ్గరి బోయిగూడలో నిలబడితే, అంతర్జాతీయ న్యాయ చరిత్రలోని ఒక చిక్కు ప్రశ్న కాళ్ల కిందే ఉంటుంది. మూడో నిజాం సికందర్ జా పేరుతో 1806లో వెలసిన ఊరిది. నేల నిజాంది, కంటోన్మెంటులో పెత్తనం బ్రిటిష్‌వారిది.

సంస్థానాలపై బ్రిటిష్ రాణి, రాజులకున్న ఆ పై అధికారమే పారమౌంట్సీ. దాని నీడలోని రాజ్యాలకు అంతర్జాతీయ న్యాయసూత్రాలు వర్తించవని 1891లో, మణిపూర్ తిరుగుబాటు తర్వాత, భారత ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించింది. కేంబ్రిడ్జిలో అంతర్జాతీయ న్యాయశాస్త్రం బోధించిన జాన్ వెస్ట్‌లేక్ వాదనా అదే. పాలకుడి అవసరం పండితుడి సిద్ధాంతంగా ఎలా స్థిరపడుతుందో విద్యార్థులు ఇక్కడే గమనించాలి.

1947 ఆగస్టు 15న పారమౌంట్సీ ముగిసింది. మరి హైదరాబాద్ స్వతంత్ర దేశమేనా?

1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం భద్రతా మండలి గడప తొక్కింది. సభ్యత్వం లేని దేశమూ వివాదాన్ని తేవచ్చనే ఐరాస చార్టర్ 35వ అధికరణం దాని ఆధారం. హైదరాబాద్ దేశమే కాదని భారత్ బదులిచ్చింది. సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయారు, ఆ తర్వాత ఫిర్యాదును ఉపసంహరించుకున్నారు. మండలి ఆ ప్రశ్నను తేల్చనేలేదు.

ఆ రోజుల్లోనే నిజాం ప్రభుత్వ ఖాతా నుంచి లండన్‌లో పాకిస్థాన్ హైకమిషనర్ ఖాతాకు బదిలీ అయిన సుమారు 10 లక్షల పౌండ్లు మాత్రం కోర్టుకెక్కాయి. 2019లో ఇంగ్లండ్ హైకోర్టు పాకిస్థాన్ వాదనను తోసిపుచ్చేనాటికి ఆ సొమ్ము సుమారు 3.5 కోట్ల పౌండ్లకు చేరింది.