మోకాలి శస్త్రచికిత్స: ఎప్పుడు అవసరం? ఆ తరువాత ఏమి చేయాలి?

"మోకాలిలో గుజ్జు అరిగిపోయిందట. ఆపరేషన్ లేకుండా తైలంతోనే నయం చేయండి శాస్త్రిగారూ!" అంటూ నా వద్దకు వచ్చేవారు అనేకులు. ఈ వ్యాధిని ఆయుర్వేదం సంధిగత వాతమని పేర్కొన్నది. కీలును తాకినపుడు గాలి నిండిన తిత్తివలె ఉంటుందని, ముడిచినా చాచినా బాధ కలుగుతుందని చరకాచార్యులు వర్ణించారు.

ఆరంభ దశలో తైలమర్దనం, కాపడం, మినప్పిండితో కట్ట కట్టి గోరువెచ్చని తైలం నింపే జానువస్తి నొప్పిని, బిగుతును తగ్గించి ఉపశమనం ఇస్తాయి. బరువు తగ్గడం అంతకంటె మేలు. శరీరం ఒక కిలో తగ్గితే నడిచేటపుడు ప్రతి అడుగుకు మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. అయితే అరిగిన మృదులాస్థిని తిరిగి మొలిపించే తైలమేదీ మా గురువుగారు నాకు చూపలేదు. నా అనుభవంలో నేనూ చూడలేదు.

నా పొరపాటు

పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయిని మూడేళ్ళపాటు నా చికిత్సలో ఉన్నారు. మొదటి ఏడాది గుణం కనిపించింది. తరువాత కాళ్ళు దొడ్డి తిరిగాయి. రాత్రులు నిద్ర కరవైంది. "ఇంకొక మండలం చూద్దామమ్మా" అంటూ నేను కాలయాపన చేశాను. చివరకు ఆమె కుమారుడు శస్త్రవైద్యుని వద్దకు తీసుకువెళ్ళాడు. అప్పటికే తొడ కండరాలు క్షీణించి ఉన్నాయి. శస్త్రచికిత్స చక్కగా జరిగినా, ఆమె కోలుకొనడానికి చాలా నెలలు పట్టింది. సుశ్రుతాచార్యుల వారసులమని చెప్పుకొనే మేము శస్త్రానికి అడ్డు నిలువరాదని ఆనాడు గ్రహించాను.

శస్త్రవైద్యుని ఎప్పుడు సంప్రదించాలి?

కొన్ని నెలలు వ్యాయామం, బరువు తగ్గింపు, ఔషధాలు క్రమంగా పాటించినా ఫలితం లేనపుడు. నొప్పి నిద్రను చెరచినపుడు. ఇంటిలో నడక సైతం కష్టమైనపుడు. కాలు వంకర తిరుగుతున్నపుడు ఆలస్యం తగదు. మోకాలు హఠాత్తుగా ఎర్రబడి, వాచి, జ్వరం వస్తే తైలం రాస్తూ కూర్చొనక ఆనాడే ఆసుపత్రికి వెళ్ళాలి.

శస్త్రచికిత్సలలో రకాలు

చిన్న రంధ్రం ద్వారా గొట్టం పంపి కీలును శుభ్రపరచే పద్ధతి ఆర్థ్రోస్కోపీ. 2002లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో 180 మంది రోగులపై జరిగిన పరిశోధనలో, చర్మంపై గాట్లు మాత్రమే పెట్టినవారికంటె ఈ చికిత్స పొందినవారికి అదనపు మేలు కలుగలేదు. కనుక కేవలం అరుగుదలకు దీనిని ఆశ్రయించనవసరం లేదు.

కీలు ఒక ప్రక్కనే అరిగి, వయస్సు తక్కువగా ఉన్నవారికి ఎముకను కోసి వంకర సరిచేసే పద్ధతి కలదు. ఒక భాగమే దెబ్బతిన్న మరికొందరికి పాక్షిక మార్పిడి చాలును. కీలంతా అరిగినపుడు సంపూర్ణ మార్పిడి అవసరమవుతుంది. ఇట్లు అమర్చిన కృత్రిమ కీళ్ళలో 100కు సుమారు 82 ఇరవై ఐదేళ్ళు నిలుస్తాయని 2019లో ప్రకటితమైన అధ్యయనం తెలిపింది. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఈ పరికరాల ధరలకు గరిష్ఠ పరిమితి విధించినందున వ్యయభారం కొంత తగ్గింది.

మిగిలిన సగం పని మీదే

శస్త్రం సగం చికిత్స మాత్రమే. సాధారణంగా ఆనాడో మరునాడో వాకరు సాయంతో నడిపిస్తారు. పాదాలను పైకి క్రిందికి ఆడించడం, తొడ కండరాన్ని బిగించి వదలడం, మడమను పడకపై జరుపుతూ మోకాలు ముడవడం, కాలు చాచి పైకెత్తడం ఫిజియోథెరపిస్టు చెప్పిన ప్రకారం ప్రతిదినం చేయాలి. హాయిగా ఉందని మోకాలి క్రింద దిండు పెట్టుకొనరాదు. కాలు పూర్తిగా చాపుటకు వీలుకాకుండా బిగిసిపోతుంది. నేను చెప్పిన ఉపాధ్యాయిని నొప్పికి భయపడి తొలి వారాలలో ఈ అభ్యాసాలు మానడం వల్లనే మరింత కష్టపడ్డారు.

పిక్క వాచి నొప్పి పుట్టినా, గాయం నుండి స్రావం వచ్చినా, జ్వరం తగిలినా వెంటనే శస్త్రవైద్యునికి చూపాలి. ఆయాసం, ఛాతీనొప్పి వస్తే క్షణం ఆలస్యం చేయక అత్యవసర విభాగానికి చేర్చాలి.

మీరు వాడుతున్న గుగ్గులు, వెల్లుల్లి మొదలైన ఔషధాలను శస్త్రచికిత్సకు ముందే ఆయనకు తెలియజేయండి. కొన్నింటిని ఆపవలసి రావచ్చు. గాయం పూర్తిగా మాని, ఆయన అనుమతించిన పిమ్మటనే తొడకు, పిక్కకు తేలికపాటి తైలమర్దనం చేయించుకొనవచ్చును. కృత్రిమ కీలుపై జానువస్తి మాత్రం స్వయంగా ప్రయత్నించకండి.

ఆ ఉపాధ్యాయిని నేడు ప్రతి సాయంత్రం గుడివరకు నడిచి వెళ్ళివస్తున్నారు. "ఇంకొక మండలం" అనే మాటను మాత్రం నేను మానివేశాను.